నెత్తురు కానరాని గాయము

గాయమును నెత్తురుతో కొలుచుట మన కలవాటైపోయినది. బాలుడు పరుగెత్తుచు పడి మోకాలు చెక్కుకొనిపోయినచో ఇల్లంతయు కలవరపడును. పసుపు వచ్చును, గుడ్డపీలిక వచ్చును, ధనుర్వాతము రాకుండ సూదిమందు వేయింపవలెనను ఆలోచనయు వచ్చును. ఆ బాలుడే డాబా మెట్లమీదినుండి దొర్లి, తల రాతికి గొట్టుకొని, క్షణకాలము దిక్కుతోచక చూచి, పిమ్మట లేచి నిలువబడినచో, ‘నెత్తురు రాలేదు, గండము గడచినది’ అని పెద్దలు ఊపిరి పీల్చుకొందురు. బొప్పి నొక్కి, నూనె రాచి, మరల ఆటకు పంపివేయుదురు. మొదటి గాయము వారము దినములలో మానిపోవును. రెండవది ఆ రాత్రియే ప్రాణము తీయవచ్చును. దేనికి భయపడవలెనో తెలియని ఈ అజ్ఞానమువలన మన యిండ్లలో, మన రోడ్లమీద, మన పొలములలో నివారింపదగిన మరణములు జరుగుచున్నవి. ఈ విషయమును పాఠకుల దృష్టికి తెచ్చుట మా విధిగా భావించుచున్నాము.

తలకు దెబ్బ తగిలినప్పుడు మనము నమ్మరాని సాక్షు లిద్దఱు కలరు. మొదటి సాక్షి పైకి కనబడు నెత్తురు. తలచర్మమునందు రక్తనాళములు మెండుగా నుండుటచే చిన్న గాటునకే నెత్తురు ధారగా కారును. అది కుట్లతో తీరిపోవచ్చును. పైచర్మము చెక్కుచెదరకయే పుఱ్ఱెలోపల రక్తస్రావము జరుగనువచ్చును. కనుక నెత్తురు కారుటను బట్టి లోపలి హాని యింతయని చెప్ప వీలులేదు. రెండవ సాక్షి ‘నాకేమియు కాలేదు’ అను గాయపడినవాని మాట. కాలు విరిగినవాడు తన బాధను తాను చెప్పగలడు. ఏలనన వాని బుద్ధి చెక్కుచెదరలేదు. తలదెబ్బలో దెబ్బ తిన్నది ఆ బుద్ధికి నిలయమైన మెదడే. అట్టివాడు చెప్పిన మాటను తుది నిర్ణయముగా గైకొనుట యెట్లు? ఈ ఇద్దఱు సాక్షులను తోసిపుచ్చి, కాలము గడచినకొలది మనిషిలో కలుగు మార్పును కనిపెట్టుటయే సరియైన మార్గము. ఈ వ్యాసమున మేము చెప్పదలచిన దంతయు దీనినుండియే పుట్టుచున్నది.

మెదడు మిక్కిలి మెత్తని అవయవము. పుఱ్ఱె యను గట్టి పెట్టెలో, పలుచని ద్రవమున తేలియాడుచు నుండును. వేగముగా పోవు వాహనము హఠాత్తుగా ఆగినప్పుడు పుఱ్ఱె ఆగినను లోపలి మెదడు వెంటనే ఆగదు. ముందు గోడకు, పిమ్మట వెనుక గోడకు గొట్టుకొనును, మెలిపడును. అందుచేత తల నేలకు తగులకపోయినను, మెడ విసురుగా ఊగినంతమాత్రమున మెదడు అదరవచ్చును. పుఱ్ఱె వ్యాకోచింపదు. లోపల నెత్తురు చేరినను, మెదడు వాచినను ఆ ఒత్తిడి పోవుటకు త్రోవ లేదు. అది పెరిగి పెరిగి శ్వాసను నడిపించు మూలస్థానమును అదిమివేయును. ఇతర అవయవముల వాపునకును, తలలోని వాపునకును గల భేద మిదియే.

మన పూర్వులకు ఈ స్థానముల అపాయము తెలియని విషయము కాదు. సుశ్రుతుడు శరీరమున 107 మర్మములను లెక్కించి, అందు 37 మెడయందును తలయందును గలవని చెప్పెను. కణతలయందలి శంఖమర్మములను సద్యఃప్రాణహరములలో చేర్చెను. నేటి శరీరశాస్త్రము దానికి కారణమును చూపుచున్నది. కణతవద్ద పుఱ్ఱె యెముక పలుచన. దాని లోవైపు నంటుకొని ఒక ధమని పోవుచున్నది. కణతకు దెబ్బ తగిలి యెముక చిట్లినప్పుడు ఆ ధమని తెగి, పుఱ్ఱెకును మెదడు పొరకును నడుమ నెత్తురు చేరును. దీనిలోని మోసము విచిత్రమైనది. దెబ్బ తిన్నవాడు మొదట స్పృహ తప్పవచ్చును, తప్పకపోవచ్చును. పిమ్మట తేరుకొని మాటలాడును, నడచును, కాఫీ త్రాగును. బంధువులు సంతోషింతురు. ఈ తెలివి కొన్ని నిమిషములుండవచ్చును, కొన్ని గంటలుండవచ్చును. పిదప తలనొప్పి, వాంతి, మగత. ఆపైన తిరిగి రాని నిద్ర. సకాలమున పుఱ్ఱె తెఱచి ఆ నెత్తుటిగడ్డను తీసినచో ఇట్టివారిలో పెక్కుమంది సంపూర్ణముగా కోలుకొందురు. ఆలస్యమునకు మాత్రము మందు లేదు.

క్రికెట్టు చరిత్ర నెఱిగినవారికి రెండు ఉదాహరణములు జ్ఞాపకముండును. 1962వ సంవత్సరమున భారతజట్టు నాయకుడు నారీ కంట్రాక్టరు బార్బడోసునందు చార్లీ గ్రిఫిత్ విసరిన బంతి తలకు తగిలి పుఱ్ఱె చిట్లగా, వెంటనే శస్త్రచికిత్సలు జరిగినవి. ప్రత్యర్థి జట్టు నాయకుడైన ఫ్రాంక్ వారెల్ తన నెత్తురు నిచ్చెను. కంట్రాక్టరు బ్రదికి, తరువాత తిరిగి దేశీయ క్రికెట్టు కూడ నాడగలిగెను. 1998 ఫిబ్రవరిలో ఢాకానగరమున రమణ్ లాంబా హెల్మెట్టు లేకయే బ్యాటుకు సమీపమున ఫీల్డింగు చేయుచుండగా బంతి కణతకు తగిలెను. ఆయన తన కాళ్లమీదనే మైదానము వెలుపలికి నడచిపోయెను. పిమ్మట స్పృహ తప్పెను. శస్త్రచికిత్స జరిగినను మూడు దినములకు మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 38 సంవత్సరములు. నడచి వెళ్లినవాడు క్షేమముగా నున్నాడని తలంచువారు ఈ చరిత్రను మఱవరాదు.

అన్ని తలదెబ్బలును ఇంత భయంకరములు కావు. అధికభాగము వైద్యులు కంకషన్ అని పిలుచు మెదడు అదురుతో ముగియును. దీనిలో నెత్తురు చేరదు, యెముక విరుగదు; సి.టి. స్కాన్ తీసినను ఏ దోషమును కనబడదు. అయినను మెదడు పనితీరు కొంతకాలము తారుమారగును. ఇందు స్పృహ తప్పి తీరవలెనని లేదు. పెక్కుమందికి తప్పనే తప్పదు. స్పృహ తప్పలేదు గనుక మెదడునకు దెబ్బ లేదనుట రెండవ అపోహ. లక్షణములు వెంటనే కనబడవలెననియు నియమము లేదు. 2019 ఆగస్టులో లార్డ్స్ మైదానమున ఆస్ట్రేలియా ఆటగాడు స్టీవ్ స్మిత్‌కు బంతి మెడవద్ద తగిలెను. పరీక్షించిన పిదప ఆయన తిరిగి బ్యాటింగునకు వచ్చి ఆడెను. మఱునాడు తలనొప్పియు మత్తును తోచుటచే ఆటనుండి తప్పించి, మార్నస్ లబుషేనును బదులుగా దింపిరి. అట్టి మార్పిడికి వీలు కల్పించు నియమము ఆ నెలలోనే అమలులోనికి వచ్చియుండెను. కావలసినంత వైద్యసిబ్బంది గల మైదానములోనే లక్షణములు మఱునాటికి గాని బయటపడనప్పుడు, మన గ్రామములోని కబడ్డీ బరిలో ‘లేచినాడు, బాగున్నాడు’ అను తీర్పునకు విలువ యేమి?

మెదడు అదరినవానిని గుర్తించుట కష్టము కాదు, చూచు దృష్టి యుండిన చాలును. వాడు చెప్పిన మాటనే మరల మరల చెప్పును. అడిగిన ప్రశ్ననే అడుగును. పడకముందు ఏమి జరిగినదో, పడిన తరువాత ఏమి జరిగినదో జ్ఞాపకముండదు. ప్రశ్నకు ఆలస్యముగా జవాబిచ్చును. నడకలో తూలును. తలనొప్పి, తల తిరుగుట, వికారము కలుగును. వెలుతురును, చప్పుడును సహింపలేడు. కొందఱు కారణము లేకయే విసుగుకొందురు, కొందఱు ఏడ్చెదరు. బాలురలో చదువుపై మనస్సు నిలువకుండుట, నిద్ర తప్పుట, ఎల్లప్పుడు చిరాకుగా నుండుట కొన్ని దినముల తరువాత కనబడును. అప్పటికి పడిన సంగతిని తల్లిదండ్రులు మఱచిపోయి, పిల్లవాడు మొండికేసినాడని దండింతురు. తలకు దెబ్బ తగిలిన పిల్లవాని సంగతి పాఠశాలకు తెలుపుట యెంత అవసరమో దీనివలననే స్పష్టమగుచున్నది.

ఇక ఒక్క క్షణమును ఆలస్యము చేయరాని గుర్తులు వేఱుగా కలవు. తలనొప్పి తగ్గకుండ పెరుగుచుండుట, మరల మరల వాంతులగుట, మగత యెక్కువై లేపినను సరిగా లేవకుండుట, మాట ముద్దగా వచ్చుట, ఒకవైపు చేయిగాని కాలుగాని పట్టు తప్పుట, ఫిట్సు వచ్చుట, ఒక కనుపాప పెద్దదిగా, ఒకటి చిన్నదిగా నుండుట, ముక్కునుండిగాని చెవినుండిగాని నెత్తురో, నీళ్లవంటి ద్రవమో కారుట, కండ్లచుట్టును లేక చెవి వెనుకను నల్లగా కమలుట, మనిషిని, చోటును గుర్తింపలేకుండుట. వీనిలో ఏ యొక్కటి కనబడినను ఇంటి వైద్యమునకు చోటు లేదు. 108కి ఫోను చేసి, స్కానింగును శస్త్రవైద్యమును గల ఆసుపత్రికి చేర్పవలెను. ఊరిలో తెలిసినవాడు సెలైను పెట్టి ‘తెల్లవారనిండు’ అనినచో ఆ మాటను వినరాదు.

మఱి కొందఱి విషయమున ఈ గుర్తులకై ఎదురుచూడక ముందే వైద్యునివద్దకు పోవుట క్షేమము. వృద్ధుల మెదడు వయస్సుతో కొంత కుంచించుకొనుటచే పుఱ్ఱెలోపల ఖాళీ యేర్పడి, సన్నని సిరలు సులభముగా తెగును. స్నానాల గదిలో జారిపడిన తాతకు నెత్తురు బొట్టుబొట్టుగా చేరి, కొన్ని వారముల తరువాత నడక తడబడుట, మతిమఱపు, మగత పైకి రావచ్చును. ఇంటివారు దానిని ముసలితనముగా సరిపెట్టుకొందురు; అది తొలగింపదగిన నెత్తుటిగడ్డ కావచ్చును. గుండెజబ్బునకు నెత్తురు పలుచబరచు మాత్రలు వాడువారికి ఈ ప్రమాదము మఱింత యెక్కువ. వారు చిన్న దెబ్బకును వైద్యునికి చూపించుకొని, వాడు మాత్రల పేరు చెప్పవలెను. చంటిబిడ్డ మాటలాడలేదు, ఊరడించినను ఏడుపు మానకుండుట, పాలు త్రాగకుండుట, మాడు ఉబ్బుట దాని భాష. త్రాగినవాని సంగతి అన్నిటికంటె దయనీయము. రోడ్డుప్రక్కన పడియున్నవానివద్ద కల్లు వాసనయో సారా వాసనయో వచ్చినచో, మత్తు దిగిన లేచునని జనులు దాటిపోవుదురు. ఆ వాసన వెనుక నెత్తురు చేరుచున్న తల దాగియుండవచ్చును. త్రాగినవాడు పడుటకు, పడినవాడు చచ్చుటకు నడుమ మన తిరస్కారము అడ్డుపడరాదు.

దెబ్బ తగిలిన చోటునందే మనము చేయు ఉపచారములు కొన్ని అపకారములు. నలుగురు చేతులు, కాళ్లు పట్టి యెత్తి ఆటోలో కుక్కుట వీనిలో మొదటిది. బలమైన తలదెబ్బ తగిలినవానికి మెడయెముకయు విరిగియుండవచ్చును; మెడ ఒరగినచో జీవితాంతము కాళ్లు చేతులు పడిపోవచ్చును. వాహనములు వచ్చి మీదపడు ప్రమాదమున్నప్పుడు తప్ప, తలను మెడను కదలనీయక, మనిషిని ఉన్నచోటనే యుంచి అంబులెన్సును పిలువవలెను. స్పృహ లేనివాడు వాంతి చేసుకొనుచున్నచో తలయు మెడయు మొండెమును ఒక్కటిగా ప్రక్కకు ఒరగజేయవలెను. లేనిచో వాంతి ఊపిరి కడ్డుపడును. పూర్తిగా స్పృహలేనివాని నోట నీళ్లుగాని సోడాగాని పోయరాదు. హెల్మెట్టును ఊపిరి యాడనప్పుడు తప్ప తొందరపడి లాగివేయరాదు. నెత్తురు కారుచున్నచో శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టవలెను. కాని యెముక లోపలికి క్రుంగినట్లు తోచినచో గట్టిగా నొక్కరాదు. చెవినుండి కారుదానిని దూదితో బిగింపరాదు. కాఫీపొడి, పసుపు గాయములో నింపరాదు. ఫిట్సు వచ్చినవాని చేతిలో తాళపుచెవులు పెట్టుట, పండ్ల నడుమ చెంచా దూర్చుట నిష్ప్రయోజనములే గాక హానికరములు.

ఆసుపత్రిలో చూపించి, ప్రమాదము లేదని చెప్పించుకొని ఇంటికి వచ్చిన తరువాత ఇంటివారి పని ఆరంభమగును. తలకు దెబ్బ తగిలినవానిని ఒక పగలు, ఒక రాత్రి ఒంటరిగా విడువరాదు. ఇంటిలో ఒకరిని కావలిగా నిర్ణయింపవలెను. ‘అందఱమును చూచుచునే యుందుము’ అనినచోట ఎవ్వరును చూడరు. 1974వ సంవత్సరమున గ్లాస్గో నగరమున టీస్‌డేల్, జెన్నెట్ అను ఇద్దఱు వైద్యులు స్పృహను కొలుచు పద్ధతి నొకదానిని ప్రకటించిరి. కండ్లు తెఱచుట, మాటలాడుట, అవయవములను కదల్చుట అను మూటికి అంకెలు వేసి, 3 మొదలు 15 వరకు లెక్కింతురు. నేడు లోకమంతటను ఆసుపత్రులు దీనిని వాడుచున్నవి. అంకెల సంగతి వైద్యులకు వదలి, ఆ మూడింటినే ఇంటిలోని అవ్వయు గమనింపవచ్చును. పిలిచిన కండ్లు తెఱచుచున్నాడా? తన పేరు, ఊరు, నేటి వారము సరిగా చెప్పుచున్నాడా? రెండు చేతులును సమానముగా ఎత్తి, సమానమైన పట్టుతో మన వ్రేళ్లను పట్టుకొనుచున్నాడా? గంట గంటకు స్థితి యథాతథముగా నున్నను, మెఱుగగుచున్నను ధైర్యము తెచ్చుకొనవచ్చును. తగ్గుచున్నచో తక్షణము కదలవలెను.

తలదెబ్బ తగిలినవానిని నిద్రపోనీయరాదను నమ్మకము మనలో బలముగా నున్నది. వైద్యుడు చూచి, మెలకువగా సరిగా మాటలాడుచున్నవానిని నిద్రపోనిచ్చుటలో తప్పులేదు. విశ్రాంతి మెదడునకు మేలే చేయును. నిద్రించుచున్నాడో, స్పృహ తప్పుచున్నాడో తెలిసికొనుటకై ఒకరు ప్రక్కనుండి, వైద్యుడు చెప్పినచో నడుమ నడుమ లేపి చూచిన చాలును. మద్యము ముట్టనీయరాదు. నొప్పికి ఆస్పిరిను, ఇబుప్రోఫెను వంటి మాత్రలను వైద్యుడు చెప్పక వేయరాదు. అవి రక్తస్రావమును పెంచగలవు.

పిమ్మట విశ్రాంతి. మొదటి ఒకటి, రెండు దినములు శ్రమయు, చదువును, ఫోను తెఱయు తగ్గింపవలెను. చీకటిగదిలో వారములకొలది పరుండబెట్టవలెనను పాత పద్ధతిని నేటి వైద్యులు విడిచివేసిరి. మెల్లగా నడచుట మంచిదే. తరువాత మెట్టుమెట్టుగా పాఠశాలకు, అటుపిమ్మట ఆటకు రావలెను. దెబ్బ తిన్ననాడే మరల బరిలోనికి దిగుట మాత్రము ఏ పరిస్థితియందును కూడదు. కోలుకొనని మెదడునకు రెండవ దెబ్బ తగిలినచో స్వస్థత దీర్ఘకాలము ఆలస్యమగును. అరుదుగా, ముఖ్యముగా యువకులలో, మెదడు ఉన్నట్టుండి వాచి ప్రాణమే పోవును. మన యువకులకు ధైర్యమును బోధించిన పత్రికలలో మాది యొకటి. దెబ్బను దాచుకొని ఆడుట ధైర్యము కాదని చెప్పుట గూడ మా ధర్మమే. జట్టు గెలుపు కొఱకు పదునాఱేండ్ల బాలుని మెదడును పణముగా పెట్టు శిక్షకుని మేము ప్రశంసింపజాలము.

బాలునకు ఆట యెట్టిదో కూలివానికి కూలి అట్టిది. తాటిచెట్టుమీదినుండి మోకు జారి పడిన గీతకార్మికుడు, పరంజామీదినుండి పడిన తాపీపనివాడు, ట్రాక్టరు ట్రక్కులో గడ్డిమోపులపై కూర్చుండి మలుపున ఎగిరిపడిన కూలిస్త్రీ, వీరు లేచి నిలువబడగలిగినచో మఱునాడు పనికి వచ్చెదరు. రాకున్న పొయ్యి వెలుగదు. ‘నాకేమియు కాలేదు’ అని వారు చెప్పుటకు కారణము మెదడు అదురు మాత్రమే కాదు, ఆకలి కూడ. ఈ పత్రికను చదువువారిలో భూస్వాములు, ఇండ్లు కట్టించువారు పెక్కుమంది కలరు. వారిని మేము సూటిగా అడుగుచున్నాము: మీ పొలములో, మీ పనిలో తలకు దెబ్బ తగిలినవానికి వైద్యపరీక్షయు, వైద్యుడు చెప్పిన దినములకు కూలియు ఇచ్చుటకు మీకు అభ్యంతరమేమి? తల తిరుగుచున్నవానిని మరల నిచ్చెన యెక్కించుటవలన కలుగు నష్టము ఆ కొలది దినముల కూలికంటె పెద్దది. ట్రక్కులలో మనుష్యులను గడ్డివలె నింపి తీసికొనిపోవు ఆచారమును మాన్పుటయు మీ చేతిలోని పనియే.

నివారణమును గుఱించి చెప్పునప్పుడు హెల్మెట్టు ప్రస్తావన రాక తప్పదు. 1935వ సంవత్సరమున ఇంగ్లండులో టి.ఇ. లారెన్సు అను ప్రసిద్ధుడు మోటారు సైకిలుమీదినుండి పడి, తలదెబ్బతో ఆఱు దినములకు మరణించెను. ఆయనకు వైద్యము చేసినవారిలో హ్యూ కెయిర్న్స్ అను మెదడు శస్త్రవైద్యుడొకడు. ఆ వైద్యుడు మోటారు సైకిలు ప్రమాదములను పరిశీలించి, 1941లో హెల్మెట్టు ప్రాముఖ్యమును నిరూపించుచు వ్యాసము ప్రకటించెను. ఆ యేడే బ్రిటిషు సైన్యము తన మోటారు సైకిలు వార్తాహరులకు దానిని నిర్బంధము చేసెను. పలుదేశముల పరిశీలనలను క్రోడీకరించి 2008లో వెలువడిన సమీక్ష, హెల్మెట్టు మరణముల అపాయమును 42 శాతమును, తలదెబ్బల అపాయమును 69 శాతమును తగ్గించునని తేల్చినది.

ఇక మన స్థితి. కేంద్రప్రభుత్వ రవాణాశాఖ లెక్కప్రకారము 2022వ సంవత్సరమున దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో ద్విచక్రవాహనములపై పోవువారు 74,897 మంది. హెల్మెట్టు లేక మరణించినవారు 50,029 మంది. అందు వెనుక కూర్చుండినవారు 14,337 మంది. బ్రదికియు జ్ఞాపకశక్తిని, ఉద్యోగమును, స్వభావమును కోల్పోయినవారు ఈ లెక్కలో లేరు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 129వ సెక్షను నడుపువానికే గాక వెనుక కూర్చుండువారికిని హెల్మెట్టును విధించినది. 2019 సవరణ వేయి రూపాయల జరిమానాను, మూడు నెలల లైసెన్సు రద్దును చేర్చినది. అయినను మన వీథులలో హెల్మెట్టు పెట్రోలు ట్యాంకుమీద కూర్చుండును, పోలీసును చూచినప్పుడు తలకెక్కును. భర్త తలకు హెల్మెట్టు, భార్య తలకు మల్లెపూలు, ఆమె యొడిలోని బిడ్డకు ఏమియు లేదు. చీరెకొంగు చక్రములో చిక్కి పడునది, గొయ్యి వచ్చినప్పుడు ఎగిరిపడునది ఆమెయే గదా! ఐ.ఎస్.ఐ. ముద్ర లేని హెల్మెట్లను అమ్మరాదని 2021 జూనునుండి నియమమున్నను రోడ్డుప్రక్క నాసిరకపు టోపీల అమ్మకము సాగుచునే యున్నది. గడ్డము క్రింది పట్టీ బిగింపని హెల్మెట్టు ముందుగానే యెగిరిపోవును. జరిమానాకు భయపడి పెట్టుకొను హెల్మెట్టు జరిమానానుండియే కాపాడును.

ప్రమాదమును చూచినవారు కేసులలో ఇఱుకుకొందుమని వెనుకాడుట ఇంకను పోలేదు. ఆ భయమునకు నేడు ఆధారము లేదు. గాయపడినవారికి సాయపడువారిని వేధింపరాదను మార్గదర్శకములకు 2016 మార్చి 30వ తేదీన సుప్రీముకోర్టు చట్టబలము నిచ్చినది. 2019 సవరణలోని 134ఎ సెక్షను ఆ రక్షణను చట్టములోనికే తెచ్చినది. తన పేరు చెప్పుమని సాయపడినవానిని నిర్బంధింపరాదు. 2025 మే నెలలో ప్రకటింపబడిన కేంద్రపథకము రోడ్డు ప్రమాద బాధితులకు నిర్ణీత ఆసుపత్రులలో ఏడు దినములవరకు లక్షన్నర రూపాయలకు మించకుండ నగదు చెల్లింపు లేని చికిత్సను కల్పించినది. 108 సేవ 2005లో మన ఆంధ్రదేశముననే ఆరంభమైనది. ఇవియన్నియు కాగితముమీద గలవు. ప్రజల కెఱుకపడవలసి యున్నది.

ప్రభుత్వములు తమ వంతు పూర్తిచేసినవని మా అభిప్రాయము కాదు. మెదడు శస్త్రవైద్యము నేటికిని పెద్ద నగరములలోనే అధికముగా కేంద్రీకృతమై యున్నది. ఏజెన్సీ గ్రామమున తల పగిలినవానికి నగరము చేరుటకు పట్టు కాలమే మరణశాసనము కావచ్చును. ప్రతి జిల్లాకేంద్రమున రాత్రింబవళ్లు సి.టి. స్కాన్ తీయువారు, తీసినదానిని చదువువారు ఉండవలెను. నగరములోని నిపుణుడు దూరమునుండియే ఆ చిత్రమును చూచి సలహా చెప్పు ఏర్పాటు నేటి విజ్ఞానమునకు అసాధ్యము కాదు. ప్రాథమిక వైద్యులకును, ఆశా కార్యకర్తలకును, వ్యాయామోపాధ్యాయులకును పైన చెప్పిన గుర్తులు నేర్పవలెను. తలదెబ్బతో ఆసుపత్రికి వచ్చి తిరిగిపోవు ప్రతివానికిని ఏమి గమనింపవలెనో, ఎప్పుడు తిరిగి రావలెనో తెలుగున ముద్రించిన చీటీ యొకటి ఇయ్యవలెను. దీని ఖర్చు స్వల్పము. తెలియని యింగ్లీషు కాగితముకంటె ఇది యెక్కువ ప్రాణములను కాపాడును.

చెప్పుటకు కష్టమైన సంగతి యింకొకటి కలదు. అన్ని తలదెబ్బలును రోడ్డుమీద తగులవు. గడప తగిలినదని, గోడకు గొట్టుకొంటినని ఆసుపత్రిలో చెప్పు స్త్రీలలో కొందఱి గాయమునకు కారణము గడపయు కాదు, గోడయు కాదు, భర్త చేయి. ఆమె చెప్పజాలదు గనుక వైద్యుడును, పుట్టింటివారును అడుగవలెను. పిల్లవాని తలపై మొట్టుట, తలను గోడకు గొట్టుట శిక్షణగా భావించు ఉపాధ్యాయులు ఇంకను కలరు. 2009 నాటి విద్యాహక్కు చట్టము దేహశిక్షను నిషేధించినది. ఏడ్పు మాన్పుటకై చంటిబిడ్డను కోపముతో కుదుపుట వలన బయట గాయము లేకయే లోపల మెదడు చితికిపోవును. చదువు నేర్పవలసిన తలనే గొట్టువానికి చదువు చెప్పు అర్హత యెక్కడిది?

మేము కోరుచున్నది బహు ధనవ్యయముతో కూడినది కాదు. పడినవాడు లేచినంతమాత్రమున విడిచిపెట్టరాదు. ఒక రేయి ఒకరు మేలుకొని కనిపెట్టవలెను. ఆనాడు వానిని ఆటకుగాని, పనికిగాని, బండికిగాని పంపరాదు. బయలుదేరునప్పుడు బండిపై నున్న అందఱి తలలకును రక్షణ యుండవలెను. పై గుర్తులలో ఏదేని కనబడినచో వర్జ్యము, రాహుకాలము, బంధువుల సలహాలు లెక్కింపక ఆసుపత్రికి కదలవలెను. ఈ పత్రికను చేతబట్టినవారు ఈ ప్రమాద లక్షణములను నేడే తమ యింటివారికి, తమ పనివారికి చదివి వినిపించి, తెల్లకాగితముపై వ్రాసి గోడకు తగిలించినచో, ఈ వ్యాసము వ్రాసిన ప్రయోజనము మాకు నెఱవేరినట్లే.